మాస్టారికి దొరికిన పెద్దక్క

ఆ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పే మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు నిర్వచనం మాస్టారు. క్లాసులో అడుగు పెట్టగానే ఆయన నోటివెంట వచ్చే మొదటి మాట "రాసుకోండి, నిర్వచనం" అని. మధ్యలో ఎవరైనా చెయ్యెత్తి "ఎందుకలా సర్?" అని అడిగితే, "అదే కదమ్మా నిర్వచనంలో ఉంది" అనేవారు. ఆయన చెప్పింది పిల్లలు రాసుకునేవాళ్లు, రాసుకున్నది పరీక్షలో దించేవాళ్లు, దించింది గుమ్మం దాటగానే మరిచిపోయేవాళ్లు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఏళ్ల తరబడి బండి సాఫీగా నడిచిపోయింది.

ఆ బండికి అడ్డం పడింది, మౌఖిక పరీక్షకు బయటినుంచి వచ్చిన ఒకావిడ. ఆవిడ క్లాసులో ఫస్టు వచ్చే కుర్రాణ్ని పిలిచి కూర్చోబెట్టి, "కంప్యూటర్లో ఓ పక్క పాట వినబడుతూ ఉంటుంది, ఇంకో పక్క మనం టైపు చేసుకుంటూ ఉంటాం. ప్రాసెసరు ఒక్కటే. మరి రెండు పనులూ ఎలా జరుగుతున్నాయి?" అని అడిగింది.

కుర్రాడు కళ్లు మూసుకుని నిర్వచనం అప్పజెప్పాడు. ఒక్క కామా కూడా పోలేదు.

"అది సరే బాబూ. ఎలా జరుగుతున్నాయి?"

కుర్రాడు అదే నిర్వచనాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

"నాకు చెముడు లేదు నాయనా. ఎలా అని అడుగుతున్నాను."

కుర్రాడు చాలాసేపు ఆలోచించి, "అది మంచి కంప్యూటరై ఉంటుంది మేడమ్" అన్నాడు.

ఆవిడ మాస్టారి వైపు తిరిగి, "పిల్లలచేత ఒక్కసారైనా ఏమైనా చేయించారా, లేక చెప్పి వదిలేశారా?" అంది. పక్కనే డిపార్టుమెంటు పెద్దసారు కూర్చుని ఉన్నారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అలాంటప్పుడు మనిషి నోరు మనిషి మాట వినదు. "వచ్చే సెమిస్టరునుంచి చేయిస్తున్నాం మేడమ్. ప్రతి టీమూ తన ఆపరేటింగ్ సిస్టమ్ తానే రాస్తుంది. మొదటి అక్షరం నుంచీ" అనేశారు.

పెద్దసారికి కొత్తదేదైనా సరే ప్రాణం. అది మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి. ఆయన కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

మాస్టారి భార్య పళ్ల డాక్టరు. ఆ సాయంత్రం సంగతంతా విని, "బావుంది. మీరెప్పుడైనా ఒకటి రాశారా?" అని అడిగింది.

"లేదు."

"మరి?"

"పిల్లలకన్నా ఒక వారం ముందుంటే చాలు కదోయ్."

"పళ్లు పీకడం నేను కూడా అలాగే నేర్చుకుని ఉంటే ఈపాటికి ఊరంతా బోసినోళ్లతో తిరుగుతుండేది" అందావిడ.

అయినా మాస్టారు పట్టు వదల్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటర్లో ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికెంత చోటో తేల్చే పెత్తనమంతా దానిదే. మాస్టారు దాని గురించి జీవితమంతా చెప్పారు గానీ ముట్టుకుని ఎరగరు. ఇంట్లో కిటికీ పక్క బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, అందులో ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేరు వేసుకుని, రోజూ కాలేజీకి వెళ్లేముందు, వచ్చిన తర్వాత కుస్తీ పట్టడం మొదలుపెట్టారు. తల ప్రాణం తోకకొచ్చాక ఒక ఆదివారం పొద్దున తెరమీద ఏదో మెరిసింది. ఆయన పరుగున వెళ్లి, పేపరు చదువుకుంటున్న భార్యని చెయ్యిపట్టి లాక్కొచ్చారు.

"చూడు, చూడు! అక్షరం వచ్చింది!"

"ఏదీ?"

"అదిగో, ఎ!"

"ఆ తర్వాత బి వస్తుందా?"

"రాదు. ఎ రాగానే చచ్చిపోతుంది."

"పాపం, ఏం కష్టమొచ్చిందో" అని ఆవిడ మళ్లీ పేపరు అందుకుంది.

సెమిస్టరు మొదలయ్యాక అసలు కష్టం టైమరు దగ్గర వచ్చింది. కంప్యూటర్లో టైమరు మాటిమాటికీ కెర్నెల్‌ని తట్టి "వంతు మార్చు" అని గుర్తుచేస్తుండాలి. మాస్టారి టైమరు ఒక్కసారి తట్టి అలిగి కూర్చుంది. రేపోమాపో క్లాసులో చెప్పవలసిన పాఠం అదే. ఎవర్నైనా అడుగుదామంటే పరువు సంగతి. చివరికి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక కనబడింది. కంప్యూటర్ చదివే పిల్లలు తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పే చోటు అది. మాస్టారు తన పేరు "మొద్దబ్బాయి" అని పెట్టుకుని ప్రశ్న వేశారు. భోజనం చేసి వచ్చేసరికి "పెద్దక్క" అనే పేరుతో జవాబు వచ్చి ఉంది.

"తమ్ముడూ, గళ్లచొక్కా వేసుకున్న కొరియరు మనిషి వచ్చి బెల్లు కొట్టాడనుకో. పార్సిలు తీసుకుని సంతకం పెట్టకుండా లోపలికి పోయావనుకో. వాడేం చేస్తాడు? గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. ఇంకో బెల్లు కొట్టడు. నువ్వు టైమరుకి సంతకం పెట్టావా?"

టైమరు తట్టిన ప్రతిసారీ "అందింది" అని హార్డ్‌వేరుకి తిరిగి చెప్పాలి. మాస్టారు ఆ ఒక్క వాక్యం రాయడం మరిచారు. రాయగానే టైమరు టకటకమంటూ లేచి కూర్చుంది. ఆ ఆనందంలో ఆయన ముందూ వెనకా చూసుకోకుండా, "బతికించావు అక్కా!" అని రాసేశారు. యాభై దాటిన మనిషి.

"మీ కాలేజీలో ఈమాత్రం చెప్పరా?" అని అడిగింది పెద్దక్క.

పెద్దక్క ఎక్కడో పెద్ద కంపెనీలో పనిచేసే అనుభవజ్ఞురాలని మాస్టారు ఊహించుకున్నారు. అలాంటి ఆవిడ ముందు తన బండారం బయటపడకూడదు. కాబట్టి, "మా మాస్టారికి ఏమీ రాదక్కా. శుద్ధ దద్దమ్మ" అని రాశారు.

మాస్టారికి తెలియని సంగతి మనం తెలుసుకుంటే తప్పు లేదు. పెద్దక్క ఏ కంపెనీలోనూ లేదు. ఆయన క్లాసులోనే ఆఖరి బెంచీలో ఉంది. నోరు ఊరుకోదు కాబట్టి ఆ పిల్లని అందరూ వాగుడుకాయ అంటారు. ఆ పిల్ల టీములో ఇంకో ఇద్దరు: ఒకడు ద్వారబంధానికి తల తగిలేంత పొడుగు కాబట్టి నిచ్చెన, ఇంకొకడు ఎప్పుడు చూసినా ఆవలిస్తాడు కాబట్టి నిద్రమొహం. మాస్టారు వారానికొక పని అప్పజెబుతుంటే వీళ్లు రెండు వారాల పని ముందే లాగించేస్తున్నారు.

మర్నాడు క్లాసులో మాస్టారు నిర్వచనం చెప్పలేదు. చాక్‌పీసు చేతిలో ఆడిస్తూ, "గళ్లచొక్కా వేసుకున్న కొరియరు మనిషి వచ్చి బెల్లు కొట్టాడనుకోండి" అని మొదలుపెట్టారు.

వాగుడుకాయ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. నిచ్చెన కంగారుపడి, "ఏమైందే? పురుగేమైనా దూరిందా?" అన్నాడు.

"ఒరేయ్, గళ్లచొక్కా!" అంది వాగుడుకాయ. "ఆ గళ్లచొక్కా నాదిరా!"

సంగతి చెప్పగానే నిద్రమొహానికి నిద్ర వదిలిపోయింది. "అంటే మన మాస్టారు నీకు తమ్ముడా?" అన్నాడు.

"పైగా మన మాస్టారు దద్దమ్మ అని మన మాస్టారే చెప్పారు!"

నిచ్చెన మాత్రం నమ్మలేదు. ఆ మాట లోకంలో ఎవరైనా అనవచ్చన్నాడు. నమ్మకం కుదరాలంటే పరీక్ష పెట్టవలసిందే. తర్వాతి పాఠం లాకుల గురించి. రెండు ప్రోగ్రాములు ఒకే వస్తువు కోసం ఎగబడితే, లాకు దేనికి చిక్కితే అదే ఆ వస్తువుని వాడుకోవాలి, రెండోది ఆగాలి. వాళ్లు అనుకున్నట్టే మొద్దబ్బాయి ఆ సాయంత్రం దాని గురించి అడిగాడు. పెద్దక్క తీరిగ్గా ఒక కథ అల్లి రాసింది.

"తమ్ముడూ, లాకుల పాఠం నేను చదువుకునే రోజుల్లో మా మాస్టారు చెప్పినట్టు భూప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. తలమీద డస్టరు పెట్టుకుని ఒంటికాలిమీద నిలబడ్డారు. డస్టరే లాకు. అది ఎవరి నెత్తిన ఉంటే వాళ్లే మాట్లాడాలి. ఒంటికాలు ఎందుకంటావా? లాకు పట్టుకున్నవాడు గబగబా పని ముగించుకుని వదిలెయ్యాలి. కాలు పీకితే వాడే వదులుతాడు."

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ మాస్టారు అద్దం ముందు ఒంటికాలిమీద నిలబడ్డారు. తలమీద సబ్బుపెట్టె ఉంది. భార్య గుమ్మంలోంచి చూసి, "ఏమండీ, నడుం పట్టేసిందా?" అంది.

"లాకు" అన్నారాయన నురగలోంచి.

"దవడ లాకయిందా? ఏదీ, నోరు తెరవండి!" అని ఆవిడ టార్చి తీసుకురాబోయింది.

క్లాసులో మాస్టారు డస్టరు తలమీద పెట్టుకోగానే సుద్దపొడి ముక్కుమీదికి జారింది. ఎడమకాలు పైకెత్తారు. ఆఖరి బెంచీలో ముగ్గురూ బల్ల కిందికి దూరి నోళ్లు మూసుకున్నారు. కానీ వాళ్లు అనుకోనిది ఒకటి జరిగింది. పాఠం పిల్లలకు అర్థమైంది. డస్టరు చేతులు మారింది, ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఒంటికాలిమీద మాట్లాడారు. "డస్టరు పట్టుకుని ఎవడైనా నిద్రపోతే మిగతావాళ్ల గతేంటి సర్?" అని ఎవరో అడిగారు. "డస్టరు నా దగ్గర, చాక్‌పీసు వాడి దగ్గర. ఇద్దరికీ రెండూ కావాలి, ఎవరూ వదలరు. అప్పుడు?" అని ఇంకొకరు అడిగారు. పుస్తకంలో ఎక్కడో చివరన వచ్చే చిక్కుప్రశ్నని పిల్లలు తామే కనిపెట్టేసరికి, మాస్టారు ఎత్తిన కాలు దించడం కూడా మరిచి ఉబ్బిపోయారు.

సరిగ్గా ఆ క్షణాన పెద్దసారు తలుపు తీశారు.

ముందుకొచ్చిన పిల్లలు గబగబా బెంచీల్లోకి సర్దుకున్నారు. పెద్దసారు మాస్టారిని కింద నుంచి పైకి, పైనుంచి కిందికి చూశారు. "ఏమిటిది?"

మాస్టారు కాలు దించకుండానే, "కొత్త బోధనా పద్ధతి సర్" అన్నారు.

కొత్త అన్న మాట చాలు. పెద్దసారు మొహం వెలిగిపోయింది. ఆ వారంలోనే మేష్టర్లందరినీ పిలిచి, ప్రతివాళ్లూ పాఠంలో కనీసం ఒక భాగం ఒంటికాలిమీద చెప్పవలసిందని హుకుం జారీ చేశారు. లెక్కల మేడమ్ మోకాళ్ల నొప్పుల మనిషి. ఆవిడ మాస్టారిని వరండాలో పట్టుకుని, "ఇంటిగ్రేషన్‌కీ ఒంటికాలికీ సంబంధం ఏమిటండీ? మీ పుణ్యమా అని గోడ పట్టుకుని పాఠం చెబుతున్నాను. మీ తలమీద డస్టరు కాదు, బండ పెట్టాలి!" అని దులిపేసింది. ఇంగ్లీషు సారు తన క్లాసులో తూలి చెత్తబుట్టలో కాలు పెట్టాడు. ఎంత గుంజినా రాకపోయేసరికి, బుట్టతోనే స్టాఫ్ రూముదాకా నడిచాడు.

ఇదంతా చూసి వాగుడుకాయకి గుండెల్లో రాయి పడింది. నవ్వుకోవడానికి మొదలుపెట్టింది కాస్తా కాలేజీ కాళ్ల మీదికొచ్చింది. ఆ సాయంత్రం చర్చావేదిక తెరిచి, చాలాసేపు రాసి చెరిపి, చివరికి ఒకే ఒక్క ముక్క పంపింది:

"ఇంక ఆ కాలు దించేయండి సర్."

మాస్టారు కాఫీ తాగుతూ అది చదివారు. నువ్వు కాస్తా మీరైంది, తమ్ముడు కాస్తా సర్ అయ్యాడు. తన కాలి సంగతి ఎక్కడో పెద్ద కంపెనీలో ఉన్న పెద్దక్కకు ఎలా తెలిసింది? ఒక్కొక్క ముక్కా అతుక్కుంటూ వచ్చేసరికి కాఫీ చొక్కామీద ఒలికింది. గబగబా పాత సంభాషణంతా వెనక్కి చదువుకున్నారు. అక్కా, అక్కా, అక్కా. మా మాస్టారు దద్దమ్మ. మా మాస్టారికి మెమరీ అంటే ఏమిటో కూడా తెలియదు. మా మాస్టారి మొహం చూస్తేనే నిద్రొస్తుంది.

భార్య సంగతి విని కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఒక్క మాట అడుగుతాను. ఆ పిల్ల చెప్పిన పాఠాల్లో తప్పేమైనా ఉందా?" అంది.

"లేదు. అదే నా బాధ" అన్నారు మాస్టారు.

మర్నాడు వాగుడుకాయ ఆయన గదికి వచ్చింది. వచ్చి, జీవితంలో మొదటిసారి ఏం మాట్లాడాలో తెలియక నిలబడింది. మాస్టారు కూడా బల్లమీది కాగితాలను ఊరికే అటూ ఇటూ సర్దారు.

"ఎవరెవరికి తెలుసు?" అని అడిగారు చివరికి.

"మా టీముకి సర్."

"ఇంకా?"

"క్లాసుకి."

"ఇంకా?"

"పక్క క్లాసుకి. క్యాంటీన్‌లో అంకుల్‌కి. పెద్దసారికి మాత్రం తెలియదు సర్. ఆయన తన గదిలో ఒంటికాలి మీద ప్రాక్టీసు చేస్తున్నారు."

మాస్టారు నవ్వు ఆపుకోబోయారు గానీ ఆగలేదు. ఆయన నవ్వడం చూసి ఆ పిల్లకి ధైర్యం వచ్చింది. "సారీ సర్. మొదట తెలియక చెప్పాను, తర్వాత తెలిసీ ఆడుకున్నాను. కానీ సర్, ఒక సంగతి. మాకు ఇన్నాళ్లు ఏ మాస్టారూ 'నాకు రాదు' అని చెప్పలేదు. మీరు చెప్పారు."

"నేను చెప్పలేదమ్మా, మొద్దబ్బాయి చెప్పాడు."

"ఎవరైతేనేం సర్. మేం కూడా రాదనుకుని భయపడి వదిలేద్దామనుకున్నవాళ్లమే. మీకూ టైమరు ఆగిపోయిందని తెలిశాక క్లాసులో ఒక్కళ్లు కూడా మానలేదు."

మాస్టారు కాగితాలు సర్దడం ఆపారు. "సరే, ప్రాజెక్టు చూపించే రోజున అందరికన్నా ముందు నాది చూపిస్తాను. ప్రశ్నలు మీరు వెయ్యండి" అన్నారు. ఆ తర్వాత పెద్దసారి గదికి వెళ్లి, ఒంటికాలి పద్ధతికన్నా కొత్తది రెండు కాళ్ల పద్ధతి అని నచ్చజెప్పి, లెక్కల మేడమ్‌ని గండం గట్టెక్కించారు.

ప్రాజెక్టుల రోజు ల్యాబు కిక్కిరిసిపోయింది. మాస్టారు ముందు కూర్చుని తన కెర్నెల్ నడిపించారు. పిల్లలు ఇన్నేళ్ల బాకీ తీర్చుకున్నట్టు ప్రశ్నల వాన కురిపించారు. "నిర్వచనం వద్దు సర్, ఎలా పనిచేస్తుందో చెప్పండి" అని ఫస్టు వచ్చే కుర్రాడు నిలదీశాడు. మాస్టారు కొన్నింటికి చెప్పారు, కొన్నింటికి చెమటలు తుడుచుకున్నారు, ఒకదానికి "నాకు తెలియదు, చూసి చెబుతాను" అన్నారు. ఆ జవాబుకు అందరికన్నా గట్టిగా చప్పట్లు పడ్డాయి.

ఆపైన టీములు వరసగా వచ్చాయి. ఒక టీము సిస్టమ్ అక్షరాలన్నీ తలకిందులుగా చూపించింది. ఇంకో టీముది ఎప్పుడు ఏ తప్పు దొరికినా "అయ్యో రామా" అని తెరమీద రాసి పడుకుంది. చివరికి వాగుడుకాయ టీము వంతు. వాళ్లది అన్నిటికన్నా పెద్దదని అందరికీ తెలుసు. పెద్దసారు స్వయంగా కుర్చీ లాక్కుని కూర్చుని కీబోర్డు మీద టకటకా కొట్టారు. తెర బిగుసుకుపోయింది.

నిచ్చెన మళ్లీ మొదలుపెట్టాడు. పెద్దసారు మళ్లీ కొట్టారు. మళ్లీ బిగుసుకుంది. వాగుడుకాయ తీగలన్నీ ఊడదీసి మళ్లీ బిగించింది. మొహం పాలిపోయింది. నిద్రమొహం గోళ్లు కొరుకుతున్నాడు.

మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు. "కీ నొక్కగానే మీ కెర్నెల్ ఏ లాకు అడుగుతోందమ్మా?"

"తెర మీద రాయడానికి లాకు సర్."

"అప్పటికే మీ ప్రోగ్రాము తెరమీద ఏదో రాస్తూ ఆ లాకు పట్టుకుని ఉంటే?"

"అది వదిలేదాకా కీబోర్డు పని ఆగుతుంది."

"ఆ ప్రోగ్రాముని మధ్యలో ఆపి కదా కీబోర్డు పని మొదలైంది? ఇది ముగిస్తేగానీ అది కదలదు. అది వదిల్తేగానీ ఇది ముగియదు."

వాగుడుకాయ నుదురు కొట్టుకుంది. "మేం ఎప్పుడూ మెల్లగా నొక్కి చూశాం సర్! పెద్దసారిలా ఎడాపెడా బాదలేదు! కానీ మీరు ఇంత తొందరగా ఎలా పట్టుకున్నారు?"

"పోయిన నెలంతా నేను ఈ గోతిలోనే ఉన్నాను" అన్నారు మాస్టారు. "దీంట్లో ఎన్ని రకాలుగా పడొచ్చో నాకు బాగా తెలుసు."

లాకు చేతిలో ఉన్నంతసేపూ కీబోర్డు తట్టినా కెర్నెల్ పలకకుండా ఉండేలా నిద్రమొహం చకచకా ఒకటి రెండు వాక్యాలు చేర్చాడు. ఈసారి తెర బిగుసుకోలేదు. పెద్దసారు ఎంత బాదినా అక్షరాలు బుద్ధిగా వచ్చాయి. వాగుడుకాయకి వాగుడు తిరిగొచ్చింది. "సర్, ఇందులో ఆట కూడా పెట్టాం! పాము ఆట! పాము మేత తింటున్నకొద్దీ తోక పొడుగవుతుంది, గోడకి కొట్టుకోకూడదు, తోకని తానే కరుచుకోకూడదు..."

"ఏదీ, ఒక్కసారి" అన్నారు పెద్దసారు.

ఆ ఒక్కసారి ఎంతకీ అయిపోలేదు. తతిమ్మా మేష్టర్లు గడియారాలు చూసుకున్నారు. లెక్కల మేడమ్ టీ తాగి వచ్చింది. పెద్దసారు నాలుక పళ్లమధ్య బిగించి, పాము ఎటు తిరిగితే తాను కూడా అటు ఒరుగుతూ, "తిను, తిను, అదిగో" అని బతిమాలుతున్నారు. పాము తెరంతా చుట్టుకుంది. ఉన్నట్టుండి తెర నల్లబడిపోయింది.

పెద్దసారు రెండు చేతులూ పైకెత్తి, "నేనేమీ చెయ్యలేదయ్యా!" అన్నారు.

"తోక మరీ పొడుగై మెమరీ నిండిపోయుంటుంది సర్" అన్నాడు నిచ్చెన తల గోక్కుంటూ. "ఇంతసేపు ఎవరూ బతకరనుకుని లెక్క వెయ్యలేదు."

"నిండితే ఖాళీ చెయ్యకూడదా? నా పాము మళ్లీ వస్తుందా?"

"కొంచెం లేస్తే చూస్తాం సర్."

పెద్దసారు లేచారు గానీ దూరం వెళ్లలేదు. వాగుడుకాయ కుర్చీలో కూర్చుంది. సంచులు తగిలించుకుని గుమ్మందాకా వెళ్లిన పిల్లలు కూడా సంచులు దించి వెనక్కొచ్చి తెరచుట్టూ మూగారు. మాస్టారు చొక్కా చేతులు మడుచుకుని, ఖాళీ స్టూలు ఒకటి లాక్కుని వాళ్ల మధ్య చోటు చేసుకున్నారు.

"పాము మేత తిన్నప్పుడు మెమరీలో చోటు ఎక్కడ అడుగుతున్నారో, ముందు అది చూపించండి" అన్నారు.